ప్రశ్నలు - జవాబులు: బాగ్దాద్ గోడలు

ప్రశ్న: 2007లో అమెరికా సైన్యం బాగ్దాద్ పేటల చుట్టూ కాంక్రీటు గోడలు కట్టిందట. గోడలతో షియా, సున్నీల పోరు ఆగుతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

పోరు ఆగదండీ, కారు బాంబు ఆగుతుంది. ఆ తేడా తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. 2006 ఫిబ్రవరి 22న సమర్రా పట్టణంలో షియాలకు పవిత్రమైన అల్ అస్కరీ దర్గాను పేల్చేశాక ప్రతీకార హత్యలు పెచ్చుమీరాయి. ఆ ఏడాది ఇరాక్‌లో 34,452 మంది పౌరులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క. బాగ్దాద్‌లో అదామియా సున్నీల పేట. దానికి మూడు వైపులా షియాల పేటలే. 2007 ఏప్రిల్ 10 నుంచి అక్కడ రాత్రిపూట క్రేన్లతో దిమ్మలు దించి, సుమారు 5 కిలోమీటర్ల గోడ మొదలుపెట్టారు. ఒక్కో దిమ్మ 12 అడుగుల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు. అడుగుభాగం వెడల్పుగా ఉంటుంది కాబట్టి పక్కనే పేలుడు జరిగినా సులువుగా ఒరగదు.

బాంబు కారు సందుల్లోంచి దూరే దారి మూసుకుపోయింది, నిజమే. మోర్టారు గుండు మాత్రం గోడ మీదుగా వచ్చి పడుతుంది. పైగా పేట మొత్తానికీ ఒకటి రెండు దారులే మిగిలితే అక్కడ బారులు తీరతారు, ఆ బారే కొత్త గురి అవుతుంది. చెక్‌పోస్టులో గుర్తింపు కార్డు మీద ఒమర్ అనే పేరుంటే చాలు, అతను సున్నీ అని తెలిసిపోయేది. ప్రాణభయంతో వేరే పేరున రెండో కార్డు చేయించుకున్నవాళ్ళున్నారు. అక్కడ నిలబడ్డ పోలీసు ఏ ముఠా మనిషో తెలియనప్పుడు గోడ ఎంత గట్టిదైతే ఏం లాభం? గోడ వద్దంటూ అదామియావాసులు వీధికెక్కారు. ఏప్రిల్ 22న ఇరాక్ ప్రధాని మాలికీ గోడ పని ఆపమన్నారు. అయినా నగరంలో గోడలు పెరుగుతూనే పోయాయి.

ప్రశ్న: మరి 2007 చివరికి హత్యలు తగ్గాయి కదా! అది అదనపు సైన్యం ఘనతే కదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

కొంతవరకే. అమెరికా ఆ ఏడాది పంపిన ఐదు అదనపు బ్రిగేడ్లు (ఒక్కో బ్రిగేడ్‌లో కొన్ని వేలమంది సైనికులు) పెద్ద శిబిరాలు వదిలి పేటల్లోనే మకాం పెట్టడం బాగా పనిచేసింది. కానీ పడమటి ఇరాక్‌లోని అన్‌బార్ రాష్ట్రంలో సున్నీ తెగలు 2006 సెప్టెంబరులోనే అల్‌ఖైదాపై తిరగబడ్డాయి. ఆ తర్వాత అమెరికా సైన్యం వాళ్ళు నెలకు 300 డాలర్ల చొప్పున ఇచ్చి సుమారు లక్షమందిని స్థానిక కాపలాకు పెట్టుకున్నారు. 2007 ఆగస్టు 29న షియా నాయకుడు ముక్తదా అల్ సద్ర్ తన సాయుధ సేనకు కాల్పుల విరమణ ప్రకటించాడు. ఇంకొకటి చెప్పడానికి బాధగా ఉంటుంది: అప్పటికే కలిసి బతికిన పేటలు ఎన్నో విడిపోయాయి. చంపడానికి పక్కింట్లో అవతలి వర్గం మనిషి లేడు. ఆ ప్రశాంతతను శాంతి అని నేననలేను. టైగ్రిస్ నదికి ఇటు అదామియా, అటు షియాల కాజిమియా. రెంటినీ కలిపే ఇమాముల వంతెన 2005లో తొక్కిసలాట తర్వాత మూతపడి, 2008 నవంబరులో గానీ తెరుచుకోలేదు.

ప్రశ్న: పేటను దిగ్బంధిస్తే చట్టవిరుద్ధమా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

దారి మూసినంత మాత్రాన చట్టవిరుద్ధం కాదు. ఆ మూత కాపాడటానికా, శిక్షించడానికా అన్నది చూడాలి. ఒకరి నేరానికి అందరినీ శిక్షించకూడదని యుద్ధంలో పౌరుల రక్షణ కోసం చేసుకున్న 1949 నాటి జెనీవా నాలుగో ఒప్పందం 33వ అధికరణం చెబుతుంది. తిండి, నీళ్ళు, అంబులెన్సు లోపలికి పోతున్నాయా అన్నది మొదట చూడండి.