చాయ్ పైసల కాడ మొదలైన మౌనం

ఉత్తరం:

అమ్మా, నమస్తే. మాది మహబూబ్‌నగర్. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. పెళ్లయి 17 ఏళ్లు. ఒక బాబు, పదో తరగతి. ఈ ఎండాకాలం అప్పో సప్పో చేసి మొదటిసారి ఏసీ కొన్నాం. బిగించడానికి ఒక పెద్దాయన, వెంట ఒక కుర్రాడు వచ్చారు. మిట్టమధ్యాహ్నం రెండో అంతస్తు కిటికీ అవతల సన్నటి సజ్జ మీద నిలబడి స్టాండు బిగిస్తుంటే చూసే నాకే కాళ్లు వణికాయి. పైపు ఎక్కువ పట్టిందని 1,200 రూపాయలు అడిగితే బేరమాడి 1,000 ఇచ్చాను. తీరా వాళ్లు వెళ్తుంటే మనసు ఊరుకోలేదు. మావారు లోపలి గదిలో ఉన్నప్పుడు మెట్ల దగ్గర పెద్దాయనకు 200 ఫోన్‌పే చేశాను. మాది జాయింట్ అకౌంట్. మెసేజ్ ఆయనకూ వెళ్తుందని ఆ క్షణాన తట్టలేదు.

ఇక చూడండి. ‘కంపెనీ జీతం ఇస్తలేదా? నువ్వెవరు బిచ్చం వెయ్యడానికి? పైసలు ఎక్కువైనయా నీకు?’ అన్నారు, బాబు ముందే. ఆరు రోజులైంది, మాటల్లేవు. ఆయన పిసినారి కాదమ్మా. ఇల్లు మారినప్పుడు హమాలీలు అడిగినంతా అప్పటికప్పుడు లెక్కపెట్టి ఇచ్చారు. మా మామగారు బొంబాయిలో మట్టిపని చేసి పిల్లల్ని చదివించారట. ఇప్పుడు లేరు. ఇదిలా ఉంటే, వాటర్ ఫిల్టర్ సర్వీసుకు వచ్చిన అబ్బాయికి 50 ఇవ్వబోతే ‘వద్దు మేడమ్, మంచి రేటింగ్ ఇవ్వండి చాలు’ అన్నాడు. తల కొట్టేసినట్టయింది. గ్యాస్ తెచ్చే అతను మాత్రం ప్రతిసారీ అడిగి మరీ 50 తీసుకుంటాడు. ఇంతకీ ఇలాంటి వాళ్లకు పైసలు ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఎంత? తప్పు నాదేనా?

జవాబు:

ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న కాదు, ముందే తేల్చేస్తాను. ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వడంలో తప్పూ లేదు. కానీ మీ ఉత్తరం చదువుతూ నేను రెండు చోట్ల ఆగిపోయాను. మీరు మాత్రం ఆ రెండింటినీ దారిన పోతూ చెప్పినట్టు రాశారు.

మొదటిది బేరం. 1,200 అడిగితే 1,000 ఇచ్చారు. తర్వాత జాలిపడి 200 ఇచ్చారు. లెక్క చూసుకోండి, మీ చేతి నుంచి అదనంగా పోయింది సున్నా. ఆయనకు పనిగా రావలసిన 200 కోసి, అదే 200 దయగా ఇచ్చారు. కోపం తెచ్చుకోకండి, ఇది మనందరికీ ఉన్న అలవాటే. కూరగాయల బండి దగ్గర రూపాయి కోసం కొట్లాడి, బండి కదిలాక ‘పాపం’ అనుకుంటాం.

ఆ పైపు పైసలు ఏజెన్సీకి పోతాయో, ఆయన జేబులోకే పోతాయో మనకు తెలియదు కాబట్టి బేరానికి ముందు చూడాల్సింది కొలత టేపు. సాధారణంగా ఏసీతో పాటు సుమారు 3 మీటర్ల రాగి పైపు వస్తుంది. లోపలి యూనిట్ నుంచి బయటి యూనిట్ దాకా అంతకు మించి పడితే మీటరుకింత అని తీసుకుంటారు. ‘అన్నా, ఎన్ని మీటర్లు పట్టింది, రేటు కార్డు చూపించు, బిల్లు రాసివ్వు’ అని మర్యాదగా అడగండి. లెక్క సరిపోతే పైసా తగ్గించకుండా ఇవ్వండి. సరిపోకపోతే అప్పుడే చెప్పండి. అంతేగాని కొలవకుండా ఊరికే కోయడం, తర్వాత చాటుగా చేతిలో పెట్టడం, రెండూ ఆయన పనికి మర్యాద కావు.

రెండోది మీ మామగారి సంగతి. బొంబాయిలో మట్టిపని చేశారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ మహబూబ్‌నగర్ అంటే పాలమూరే కదా, పాలమూరు వాళ్లకు ఆ వాక్యం చిన్నదా? డ్యాములు, కాలువలు ఎక్కడ తవ్వినా ‘పాలమూరు లేబర్’ అనే మాట వినిపించిన కాలం అది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బస్సెక్కితే, ఆ బాకీ ఎప్పటికి తీరుతుందో మేస్త్రీ పుస్తకానికే తెలుసు. అలాంటి చోట కూలి అడిగితే ‘తర్వాత చూద్దాం’, పండక్కి మాత్రం చేతిలో పదో పరకో బక్షీసు. మీ మామగారికి ఇలాగే జరిగిందని నేను చెప్పలేను. కానీ అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి కూలి ఒకటి, బక్షీసు ఒకటి. మీవారు హమాలీలకు అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చారని మీరే రాశారు. అది కూలి కాబట్టి ఇచ్చారు. మీ 200 ఆయన కంటికి బిచ్చంలా కనబడింది. మాట చాలా మోటుగా అన్నారు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. కానీ ఆ మోటు మాట వెనుక ఉన్నది పిసినారితనం కాదనే నాకనిపిస్తోంది.

మరి పని చేసినవాళ్లకు పైన ఇవ్వడం మనకు పరాయిదా అంటే, కాదు. మన వైపు ఇల్లు కట్టేటప్పుడు చూడండి. దర్వాజా నిలబెట్టిన రోజు వడ్ల ఆయనకు, అంటే వడ్రంగికి, బట్టలు పెడతాం. స్లాబ్ పడిన రోజు కూలీలందరికీ దావత్. గృహప్రవేశం నాడు మేస్త్రీని పిలిచి ఆలుమగలిద్దరూ తాంబూలంలో పైసలు పెట్టి చేతికిస్తారు. అది ఎవరికీ బిచ్చంలా అనిపించదు. ఎందుకంటే కూలి వేరే లెక్క, అది ముందే ముట్టింది. పైగా నలుగురి ముందు, పేరు పెట్టి పిలిచి ఇస్తారు. మెట్ల మలుపులో దొంగచాటుగా ఇవ్వరు. మీ 200 అంత ఇబ్బంది పెట్టింది అది చాటుగా వెళ్లినందుకే అనుకుంటాను. ఆ పెద్దాయనకు కూడా ‘ఈ ఇంట్లో నాకు పైసలివ్వడం తప్పు పని కాబోలు’ అనిపించి ఉంటుంది.

అందుకే మీవారితో మాట ఇలా మొదలుపెట్టండి: ‘ఇచ్చినందుకు కాదు, మీకు చెప్పకుండా ఇచ్చినందుకు నాది తప్పు.’ అంతవరకే ఒప్పుకోండి, అంతకు మించి ఒప్పుకోవద్దు. ‘పైసలు ఎక్కువైనయా’ అన్న మాట మాత్రం వదిలేయకండి. ఆ అకౌంట్లో మీ జీతమూ పడుతోంది. 200 రూపాయల కోసం ఒక టీచరమ్మ మెట్ల దగ్గర దాక్కోవాల్సి వచ్చిందంటే ఆ ఇంట్లో చిన్న ఖర్చులకు కూడా పర్మిషన్ కావాలన్న భయం ఎక్కడో ఉందన్నమాట. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన్నే అడగండి. తగాదాలా వద్దు, రాత్రి బువ్వ తిన్నాక, బాబు పడుకున్నాక. నెలకు ఇంత అని ఎవరి చేతి ఖర్చు వాళ్లు పెట్టుకుని, దాని లెక్క రెండోవాళ్లు అడగకూడదని అనుకోండి. ఐదొందలైనా సరే.

ఇంకో మాట. మీ మామగారి గురించి అడగండి. ‘నాయన అక్కడ పని చేస్తున్నప్పుడు ఎట్లుండేదంట?’ అని మాత్రమే. టిప్పు సంగతి ఎత్తకండి. ఆయన చెబితే వినండి, చెప్పకపోతే ఊరుకోండి.

ఇక మీరడిగిన చిల్లర ప్రశ్నలు.

ఫిల్టర్ అబ్బాయి వద్దన్నందుకు తల కొట్టేసినట్టు అనుకోవద్దు. చాలా కంపెనీల్లో కస్టమర్ దగ్గర పైసలు తీసుకుంటే మాట పడుతుంది. ఒక్క ఫిర్యాదు వెళ్లినా పనికి ఎసరు. మీ 50 కన్నా అతనికి ఆ స్టార్లే ముఖ్యం. కాబట్టి ఐదు స్టార్లు నొక్కి, పేరు రాసి, ‘మెంబ్రేన్ మార్చి, కింద కారిన నీళ్లు కూడా తుడిచి వెళ్లాడు’ అని రెండు ముక్కలు రాయండి. పని ముగిసిందని వాళ్లు ఫోన్‌కి వచ్చిన కోడ్ అడుగుతారు కదా, అది మాత్రం పని పూర్తయ్యాకే చెప్పండి. అంతకు ముందు ఎంత తొందరపెట్టినా వద్దు.

మా నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల భయం పాతది కాబట్టి ఫిల్టర్లు బాగు చేసే పిల్లలకు తీరిక ఉండదు. మా ఇంటికొచ్చిన ఒకబ్బాయిని మే నెలలో ‘నీళ్లు తాగు నాయనా’ అంటే సగం గ్లాసే తాగాడు. ఎందుకని అడిగితే కాసేపు నసిగి, ‘ఎక్కువ తాగితే కష్టం మేడమ్. బాత్రూమ్ ఎవరూ వాడుకోనివ్వరు’ అన్నాడు. రోజంతా జనాలకు మంచినీళ్లు పట్టించేవాడు గొంతు ఎండబెట్టుకుని తిరుగుతున్నాడు! ఆ రోజు నుంచి మా ఇంట్లో పనికొచ్చిన ఎవరికైనా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూపిస్తాం, నీళ్లు మేము తాగే స్టీలు గ్లాసులోనే ఇస్తాం. వాళ్ల కోసమని కాగితం గ్లాసుల కట్ట విడిగా దాచిపెట్టే ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్లలో 500 ఇచ్చినా ఆ గ్లాసే గుర్తుంటుంది. మీ ఇంట్లో అలా ఉండదనే నా నమ్మకం.

గ్యాస్ అతని సంగతి వేరు. బిల్లు మీద ఉన్న ధరలోనే ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఉంటుంది. మనమే గోడౌన్‌కి వెళ్లి తెచ్చుకుంటే కొంత తగ్గించాలి కూడా. కాబట్టి ప్రతిసారీ అడిగి పుచ్చుకునే 50 టిప్పు కాదు, అలవాటు చేసిన మామూలు. ‘బిల్లు ఎంతుందో అంతే తమ్ముడూ’ అని నవ్వుతూనే చెప్పి అంతే ఇవ్వండి. గొణిగితే గొణగనివ్వండి. సిలిండర్ ఆపితే ఏజెన్సీకి ఫోన్ చేయండి. అయితే, 14.2 కిలోల గ్యాసుకు ఇనుము బరువు కూడా కలిస్తే దాదాపు 30 కిలోలు. దాన్ని భుజాన పెట్టుకుని లిఫ్ట్ లేని రెండో అంతస్తు దాకా తెస్తే, అడగకుండానే మీరు 20, 30 ఇచ్చారనుకోండి, అది మీ ఖుషీ. ఆ ఎక్కువ మీ ఇష్టం మీద ఉండాలి, అతని డిమాండ్ మీద కాదు.

కరెంటు మీటరు పెట్టడానికో, లైను సరిచేయడానికో వచ్చే సర్కారు ఉద్యోగికి మాత్రం చాయ్ పైసలని కూడా ఇవ్వొద్దు. అది టిప్పు కాదు, లంచం. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక ఇచ్చినవాళ్లకూ శిక్ష ఉంది. అడిగి సతాయిస్తే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064 ఉంది. ఎండలో వచ్చాడు కాబట్టి మజ్జిగ ఇవ్వండి, చాలు.

ఎంత ఇవ్వాలన్నారు. దీనికి రూలు లేదు, మా ఇంటి లెక్క చెబుతాను. పది నిమిషాల్లో కుళాయి బిగించి వెళ్లే అతనికి పని పైసలు ఇస్తాను, పైన ఏమీ ఇవ్వను. బరువు మోసినా, ఎత్తున ప్రమాదంలో నిలబడినా, చెప్పని పని కూడా చేసి పెట్టినా 50 నుంచి 100. మీ ఏసీ లాంటి పనికి ఇద్దరికీ చెరో 100. చెరో అనడం ఎందుకంటే, మీరు పెద్దాయనకే 200 పంపారు. సజ్జ మీదికి స్టాండు అందించిన కుర్రాడికి అందులోంచి ఎంత వచ్చిందో? అసలు వచ్చిందా? హెల్పర్ చేతికి విడిగా, నోటుగా ఇవ్వండి. పని మధ్యలో ఇవ్వకండి, ముందే ‘బాగా చెయ్యి, చూసుకుంటా’ అని ఆశ పెట్టకండి. అంతా అయ్యాక, ఏసీ ఆన్ చేసి నీళ్లు బయటికే పోతున్నాయో లేదో చూశాక ఇవ్వండి. పైసలు లేని నెలలో ఇవ్వకపోయినా సిగ్గుపడాల్సింది లేదు. అప్పు చేసి ఏసీ కొన్నామన్నారు కదా. కడుపు నిండా అన్నం పెట్టినా, అదీ కుదరకపోతే చాయ్ ఇచ్చి రెండు నిమిషాలు ఫ్యాను కింద కూర్చోమన్నా వాళ్లకు అర్థమవుతుంది.

బాబు గురించి మీరు ఎక్కువ రాయలేదు, నాకు మాత్రం అతనే గుర్తొస్తున్నాడు. ‘బిచ్చం’ అన్న మాట ఆయన మిమ్మల్ని అన్నారు, చెవిలో పడింది పదిహేనేళ్ల పిల్లవాడికి. సజ్జ మీద నిలబడిన మనిషిని రేపు అతను ఎట్లా చూస్తాడన్నది ఆ మాట మీద కూడా ఉంటుంది. దీని మీద బాబుతో మాట్లాడాల్సింది మీరు కాదు, వాళ్ల నాన్నే. ఆ సంగతి ఆయనకు మీరు ఒకసారి చెప్పండి, మళ్లీ మళ్లీ చెప్పొద్దు.

కొత్త ఏసీకి చాలావరకు మొదటి సర్వీసు ఫ్రీగా ఉంటుంది. ఆదివారం బుక్ చేయండి, ఆ రోజు మీవారూ ఇంట్లో ఉంటారు. బాబును నిచ్చెన పట్టుకోమనండి. పని అయ్యాక ఇవ్వాలా, ఎంత అన్నది ఆయనకే వదిలేయండి. ఏమీ ఇవ్వకపోతే ఆ రోజుకు ఏమీ అనకండి, మెట్ల దాకా మాత్రం పోకండి.