గుండ్రటి కట్ట లోపల కాపురం

ప్రశ్న: డబ్లిన్‌లో ఉంటున్నాం. ఇక్కడి రాత్‌మైన్స్, రాత్‌ఫార్నమ్ పేటల పేర్లలోని ‘రాత్’ అంటే కోట అన్నారు. పొలాల్లో చూస్తే నడుమెత్తు మట్టికట్టే కనిపించింది. దాంతో ఎవరిని ఆపారు?

జవాబు: దండెత్తి వచ్చే సైన్యాన్ని కాదు. రాత్ అంటే ఒక రైతు కుటుంబం ఇల్లూ వాకిలీ. ఎక్కువ భాగం క్రీ.శ. 600–900 మధ్య కట్టినవి; ఐర్లండ్‌లో దాదాపు 45 వేలు గుర్తించారు. అప్పుడు ఆస్తంటే పాడి ఆవులు, భయమంటే పశువుల దోపిడీ, తోడేళ్లు. దొంగ కట్టెక్కి దూకగలడు. ఆవుల్ని మాత్రం దాని మీదుగా తోలుకుపోలేడు, ఉన్న ఒక్క వాకిట్లోంచే తోలాలి. కట్ట సత్తువంతా అందులోనే ఉంది.

లోపలి జాగా సుమారు 30 మీటర్ల అడ్డకొలత. చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టినే లోపలివైపు కట్టగా పోస్తారు. కందకం 3 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు, కిందికి పోనుపోను కోసుగా సన్నబడుతుందనుకుంటే సుమారు 250–300 ఘనమీటర్ల మట్టి తవ్వాలి. వాకిలి దగ్గర తవ్వకుండా వదిలేస్తారు, అదే దారి. తరచు తూర్పుకో ఆగ్నేయానికో ఉంటుంది. ఇబ్బందల్లా వానే. కట్ట మట్టి జారి కందకం పూడుతుంది, పూడిక తీయకపోతే రెండూ చదునవుతాయి. మీరు చూసింది వెయ్యేళ్లకు పైగా జారగా మిగిలిన కట్ట. రాతినేల ఉన్న పడమటి జిల్లాల్లో రాళ్లు పేర్చి గోడ కట్టారు.

ప్రశ్న: లోపల ఇళ్లు ఎలా ఉండేవి?

జవాబు: ఉత్తర ఐర్లండ్ ఆంట్రిమ్ జిల్లాలోని డీర్ పార్క్ ఫార్మ్స్ అనే చోట 1980లలో తవ్వితే ఇళ్ల గోడలే దొరికాయి. గాలి చొరని తడిమట్టి వాటిని కాపాడింది. హేజెల్ అనే చెట్టు బరికెల్ని బుట్ట అల్లినట్టు అల్లిన గుండ్రటి తడిక ఇళ్లవి. తడిక రెండు వరసలు, చలి ఆగడానికి మధ్యలో గడ్డీ నాచూ కూరారు. ఒక ద్వారబంధం ఓక్ కలప క్రీ.శ. 648 నాటిదని చెట్టు వలయాలను బట్టి తేలింది. తడికకు ఆయుష్షు తక్కువ, అందుకే ఉన్నచోటే మళ్లీ మళ్లీ కట్టుకున్నారు. పశువులకు కొట్టాల ఆనవాళ్లు అరుదు. ఐర్లండ్‌లో చలికాలానికి ఎండుగడ్డి కోసి దాచరని, కొట్టాలు కట్టరని 731లో ఇంగ్లండ్ సన్యాసి బీడ్ కూడా రాశాడు.

ప్రశ్న: కొన్నిటికి రెండు మూడు కట్టలెందుకు?

జవాబు: హోదా కోసం. నూటికి ఎనభైకి ఒక్కటే కట్ట. క్రీ.శ. 700 ప్రాంతపు న్యాయగ్రంథం ‘క్రీత్ గబ్లాఖ్’ రాజు ఆవరణకు 140 అడుగుల కొలత చెబుతూ, అతనికి లోబడిన ఆసాములు వచ్చి కట్ట పోయాలంటుంది.