ఎమిలీ డికిన్సన్ ఉత్తరాలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఇల్లు కదలని మనిషికి అంతమంది సాహిత్య మిత్రులు ఎలా కుదిరారు?

మీరు అడిగినవి రెండు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవయిత్రి డికిన్సన్ ఉత్తరాల పుస్తకం ఏ వైపు నుంచి చదవాలన్నది ఒకటి. తెల్లబట్టలు కట్టుకుని తండ్రి ఇంట్లోనే ఉండిపోయిన మనిషికి సంపాదకులతో, రచయితలతో అంత పరిచయం ఎలా అన్నది రెండోది. రెండోది తెలిస్తే మొదటిదానికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఎం.ఏ. ఇంగ్లీషులో మాకు డికిన్సన్ అంటే ఏడెనిమిది కవితలు, నోట్సులో "ఏకాంతవాసి" అని ఒక మాట. పరీక్షకు అది సరిపోయింది. ఉత్తరాలు చదివింది చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం మీద మసాచుసెట్స్‌లో ఉన్నప్పుడు. శనివారాల్లో లైబ్రరీలో కలిసే నలుగురైదుగురం ఉండేవాళ్లం. అందులో ఇద్దరం తెలుగువాళ్లం. వరసగా పేజీలు తిప్పడం కాకుండా ఒక్కో మనిషికి రాసినవి ఒక్కోసారి చదివాం. మీకూ అదే చెబుతాను. తేదీల వరసలో చదివితే మొదట స్కూలు స్నేహితురాళ్లకూ, అన్న ఆస్టిన్‌కూ రాసిన ఊరి కబుర్లే వందల పేజీలు వస్తాయి. సరదాగానే ఉంటాయి గానీ, మీరు వెతుకుతున్న మనిషి వాటిలో ఇంకా తయారవుతూ ఉంటుంది.

మొదట హిగిన్సన్‌కు రాసినవి తీసుకోండి. థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ మత బోధకుడిగా పనిచేసి మానేసినవాడు, బానిసత్వం పోవాలని గట్టిగా పోరాడినవాడు. 1862 ఏప్రిల్ అట్లాంటిక్ మంత్లీ పత్రికలో కొత్త రచయితలకు సలహాలిస్తూ ఒక వ్యాసం రాశాడు. మీ శైలిలో ప్రాణం నింపండి అని అందులో ఒక సలహా. ఏప్రిల్ 15న డికిన్సన్ తన ఊరు ఆమ్‌హర్స్ట్ నుంచి ఆయనకు నాలుగు కవితలతో ఒక ఉత్తరం రాసింది. నా పద్యానికి ప్రాణం ఉందో లేదో చెప్పే తీరిక మీకుందా అన్నది అందులో మొదటి ప్రశ్న. ఆయన మాటనే పట్టుకుని ఆయన్నే అడిగిందన్నమాట. కింద సంతకం లేదు. పేరు ఒక కార్డు మీద పెన్సిలుతో రాసి, దాన్ని వేరే చిన్న కవరులో పెట్టి, ఆ కవరును పెద్ద కవరులో పెట్టింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఒకటి.

ఆయన జవాబు రాశాడు, ఏవో సవరణలు చెప్పాడు, కొన్ని ప్రశ్నలు వేశాడు. ఆమె రెండో ఉత్తరం చూడండి, భలే ఉంటుంది. మీ తోడు ఎవరు అంటే కొండలు, సూర్యాస్తమయం, నాన్న కొనిచ్చిన నా అంత కుక్క అంటుంది. కవి విట్మన్‌ను చదివారా అంటే లేదు, ఆ పుస్తకం సిగ్గుమాలినదని విన్నాను అంటుంది. ఈ చలికాలం దాకా ఒకటో రెండో తప్ప పద్యాలు రాయలేదని కూడా చెప్పింది. అప్పటికే వందల కవితలు రాసి, చిన్న చిన్న పుస్తకాలుగా కుట్టి దాచుకుంటోంది! ఫొటో పంపమంటే లేదంది, పదహారేళ్ల ప్రాయంలో తీయించుకున్నది ఉన్నా. బదులుగా పిచ్చుకలాంటి చిన్నదాన్ని, నా కళ్లు అతిథి గ్లాసులో వదిలేసి వెళ్లిన షెర్రీ వైన్ రంగు అని రాసి పంపింది. మా గుంపులో ఒకాయనకు ఇది నచ్చలేదు. వినయం నటిస్తోంది, మాయ మాటలు అన్నాడు. నాకు మాత్రం ఇక్కడే ఆవిడంటే ముచ్చటేసింది. గురువుగా ఉండమని అడిగింది, మీ శిష్యురాలు అని సంతకం పెట్టింది, ఆయన చెప్పిన దిద్దుబాటు ఒక్కటీ చేయలేదు. ప్రచురణ వాయిదా వేయమంటే, ప్రచురణ నా ఆలోచనకు ఎంత దూరమంటే చేప రెక్కకు ఆకాశమంత అని నవ్వేసింది.

అమెరికా అంతర్యుద్ధంలో హిగిన్సన్ నల్లజాతి సైనికుల దళానికి కల్నల్‌గా దక్షిణ కరోలినా వెళ్లాడు. "మీరు అసంభవం కాకముందే చూసి ఉంటే బాగుండేది" అని 1863లో అక్కడికి రాసింది. చావు గురించి ఇలా రాయగలిగిన మనిషికి ఆయన ఏం జవాబిచ్చి ఉంటాడు? మన దగ్గర లేదు. ఆమెకు వచ్చిన ఉత్తరాల్లో చాలా మటుకు ఆమె పోయాక చెల్లెలు లవీనియా తగలబెట్టేసింది. అందుకే ఈ పుస్తకం చదవడం అంటే ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఈ వైపు మాటలే వినడం లాంటిది. అలవాటు పడడానికి టైం పడుతుంది.

బోస్టన్ రమ్మని ఆయన పిలిస్తే, మా నాన్న స్థలం దాటి ఏ ఇంటికీ, ఏ ఊరికీ వెళ్లను అని 1869లో రాసింది. దేహం లేకుండా మనసొక్కటే వెళుతుంది కాబట్టి ఉత్తరం నాకు అమరత్వంలా అనిపిస్తుంది అని కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. చివరికి ఆయనే 1870 ఆగస్టు 16న వచ్చాడు. రెండు లిల్లీ పూలు చేతికిచ్చి ఇదే నా పరిచయం అందట. ఆ రాత్రీ, మర్నాడూ ఆయన తన భార్యకు రాసిన ఉత్తరాలు తప్పకుండా చదవండి, ఈ కథలో రెండో వైపు గొంతు వినిపించే అరుదైన చోటు అది. నా నరాల శక్తిని ఇంతగా పీల్చేసిన మనిషిని చూడలేదు, ఆమెకు దగ్గర్లో ఉండనందుకు సంతోషం అని రాశాడు. పాపం, నిజాయితీపరుడు. అయినా జీవితాంతం ఉత్తరాలు ఆపలేదు. సుమారు వంద కవితలు ఆయనకు అందాయి.

ఆ రోజు ఆమె ఆయనతో అన్న మాట ఒకటి అందరూ ఎత్తి రాస్తారు. ఒక పుస్తకం చదివితే ఏ మంటా వేడి చేయలేనంతగా ఒళ్లంతా చల్లబడిపోతే, అది కవిత్వమని నాకు తెలుస్తుంది అని. ఇప్పుడు సూజన్ దగ్గరికి రండి, ఈ మాట అక్కడ ఇంకోలా కనిపిస్తుంది.

సూజన్ గిల్బర్ట్ ఆమె కంటే తొమ్మిది రోజులు చిన్న. ఆస్టిన్‌ను 1856లో పెళ్లి చేసుకుని వదిన అయింది, పక్కింట్లోనే కాపురం. అయితే వదిన కాకముందు నుంచే ప్రాణస్నేహితురాలు. ఒక చెల్లి ఇంట్లో ఉంది, ఇంకొకరు కంచె అవతల ఉన్నారు అని కవిత కూడా రాసింది. ఆమ్‌హర్స్ట్‌లో ఆ రెండిళ్లూ ఇప్పుడు మ్యూజియం. నేను వెళ్లినప్పుడు గైడు డికిన్సన్ గది గురించి ఎంతో చెప్పింది. నాకేమో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడుస్తుంటే, ఇంత దగ్గరలో ఉన్న మనిషికి ఇన్ని ఉత్తరాలా అనిపించింది. సుమారు 250 కవితలు ఆ కంచె దాటాయి. ఇంకెవరికీ అన్ని పంపలేదు.

1861లో "పాలరాతి గదుల్లో భద్రంగా" అనే అర్థంతో మొదలయ్యే కవిత మీద వాళ్లిద్దరి మధ్య చీటీలు నడిచాయి. సూజన్ రాసిన చీటీ అదృష్టం కొద్దీ మిగిలింది. రెండో చరణం నాకు నచ్చలేదు, మొదటి చరణం మసక వెలుగుకు ఇది నప్పదు, మొదటిదానికి సరిజోడు నీ రాజ్యంలోనే లేదు అని మొహమాటం లేకుండా రాసింది. దాని గురించి ఆలోచించినప్పుడల్లా మంట దగ్గరికి వెళ్లి వెచ్చబడాలని చూస్తాను, ఇక ఎప్పటికీ నావల్ల కాదు అంది. తొమ్మిదేళ్ల తర్వాత హిగిన్సన్‌కు డికిన్సన్ చెప్పిన నిర్వచనంలో ఉన్నది ఈ చలే, ఈ మంటే. వదిన మాట అన్నేళ్లు ఆమె లోపల పనిచేసిందని నాకు అనిపిస్తుంది.

ఇంకో తమాషా. ఆ కవిత పాత రూపం 1862 మార్చి 1న స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రికలో పేరు లేకుండా అచ్చయింది. ఆరు వారాల తర్వాత హిగిన్సన్‌కు పంపిన నాలుగింటిలోనూ అదే కవిత ఉంది, కానీ సూజన్ వద్దన్న ఆ రెండో చరణంతో. అందర్నీ అడుగుతుంది, ఎవరి మాటా వినదు. ఈ స్నేహాలన్నిటికీ అసలు స్వభావం అదే అంటాను నేను. తప్పొప్పులు చెప్పించుకోవడానికి ఆమెకు మనుషులు అవసరం లేదు. కవిత ఒక బుర్రలో పడితే ఏం జరుగుతుందో చూడటానికి కావాలి. అచ్చులో వేస్తే అది తెలియదు, ఉత్తరంలో పెడితే తిరుగు టపాలో తెలుస్తుంది.

ఆ రిపబ్లికన్ సంపాదకుడు శామ్యూల్ బౌల్స్ కూడా కుటుంబ మిత్రుడే. ఆయనకూ, డాక్టర్ హాలండ్ దంపతులకూ రాసినవి మధ్యలో చదువుకోవచ్చు. హాలండ్ భార్య ఎలిజబెత్‌కు రాసినవి హాయిగా, ఇంటి మనిషితో మాట్లాడినట్టు ఉంటాయి. చివరి ఏళ్లలో జడ్జి ఓటిస్ లార్డ్‌కు రాసినవి కొన్ని చిత్తుప్రతులుగా మిగిలాయి. అవి ప్రేమలేఖలే. యాభైకి అటూ ఇటూగా ఉన్న మనిషి అంత చిలిపిగా రాయడం చూసి మా గుంపులో నవ్వుకున్నాం.

హెలెన్ హంట్ జాక్సన్‌ను మాత్రం దాటేయకండి. ఆమెదీ ఆమ్‌హర్స్టే, పుట్టింది కూడా డికిన్సన్ పుట్టిన 1830లోనే. అమెరికా ఆదివాసులకు ప్రభుత్వం చేసిన ద్రోహాల మీద రాసి పేరు తెచ్చుకున్న రచయిత్రి. డికిన్సన్ బతికుండగానే ఆమె విలువ పూర్తిగా గుర్తించినది ఈమెనే అని నా లెక్క. 1876లోనే "మీరు గొప్ప కవి" అని రాసింది, బయటికి పాడకపోవడం మీ కాలానికి చేస్తున్న అన్యాయం అంది. రచయితల పేర్లు లేకుండా వేసే ఒక కవితా సంకలనానికి కవిత ఇమ్మని స్వయంగా ఇంటికొచ్చి పట్టుబట్టింది. కాదనలేక డికిన్సన్ ఏం చేసిందో తెలుసా? మీరు దీన్ని ఒప్పుకోవడం లేదని ఒక ముక్క రాసివ్వండి, ఆమె మీ మాట నమ్ముతుంది అని హిగిన్సన్‌ను అడిగింది. ఆయనేమో అడుగుతున్నది కథలనుకుని ఏదో జవాబిచ్చాడు! చివరికి విజయం గురించిన కవిత ఒకటి 1878లో ఆ సంకలనంలో వచ్చింది. అది అప్పటి పేరుమోసిన కవి ఎమర్సన్ రాశాడని చాలామంది అనుకున్నారని ప్రచురణకర్త ఆమెకు రాశాడు.

1884లో జాక్సన్ ఇంకో అడుగు వేసి, మీ తర్వాత మీ రచనల బాధ్యత నాకు అప్పగించండి అని అడిగింది. డికిన్సన్ జవాబు రాసింది గానీ ఆ సంగతి ఎత్తలేదు. మరుసటి ఏడు ఆగస్టులో జాక్సనే ముందు పోయింది. 1886 మే 15న డికిన్సన్ పోయింది. ఆ బాధ్యత జాక్సన్ చేతిలో పడి ఉంటే కవితలు ఎలా బయటికొచ్చేవో అని నాకు ఇప్పటికీ కుతూహలం.

ఎందుకంటే నిజంగా బయటికి తెచ్చినవాళ్ల కథ వేరు. లవీనియాకు దొరికిన దాదాపు 1,800 కవితల్లోంచి 1890లో తొలి పుస్తకం తెచ్చింది హిగిన్సన్, మేబెల్ లూమిస్ టాడ్. టాడ్ ఎవరంటే ఆస్టిన్ ప్రియురాలు, అంటే సూజన్‌తో పొసగని మనిషి. 1894లో రెండు సంపుటాలుగా ఉత్తరాలు వేసిందీ ఆమే. అందులో సూజన్‌కు రాసినవి లేవు. ఆస్టిన్‌కు రాసిన పాత ఉత్తరాల్లో సూజన్ ప్రస్తావన వచ్చిన చోట్ల గీకేసి, కత్తిరించి ఉన్నాయి. ఏకాంతవాసి అనే బొమ్మ అంత బలంగా నిలబడటానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. పక్కింటి పాఠకురాలిని తీసేస్తే మిగిలేది ఒంటరి గదే కదా.

అందుకని పాత ఎడిషన్ ఉచితంగా దొరికినా దానితో మొదలుపెట్టకండి. థామస్ జాన్సన్ 1958లో మూడు సంపుటాలుగా 1,049 ఉత్తరాలు వేశాడు, లైబ్రరీల్లో ఎక్కువగా అదే ఉంటుంది. 2024లో క్రిస్టాన్ మిల్లర్, డోనల్ మిచెల్ తెచ్చిన కొత్త ఎడిషన్‌లో 1,304 ఉన్నాయి. ఉత్తరంగా పంపిన కవితలు కూడా ఇందులో చేరాయి కాబట్టి సూజన్ వాటా సరిగ్గా కనబడుతుంది. కొనగలిగితే ఇదే కొనండి. చదివేటప్పుడు పైకి చదవండి, డ్యాష్ వచ్చిన చోటల్లా కాస్త ఆగండి. మౌనంగా చదివితే పొడుపుకథల్లా ఉండే వాక్యాలు గొంతులో పడేసరికి మాటలైపోతాయి.

మాస్టర్ అనే పేరుతో ఎవరికో రాసిన మూడు చిత్తుప్రతులు ఉంటాయి. ఆ మాస్టర్ ఎవరో ఇప్పటికీ తేలలేదు. వాటిని ఆఖరికి ఉంచుకోండి. ముందే చదివితే మిగతా వెయ్యి ఉత్తరాల్లోనూ ఆయన కోసం వెతకడమే సరిపోతుంది.