ఏటి ఎగువ చూడు అబ్బీ

చిరంజీవి అబ్బికి, పెద్దనాయన ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "పెద్దనాయనా, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటాండారు, శెనక్కాయ పెరికేదా, ఆగేదా" అని అడిగితివి. సిగ్నల్ సరిగా లేక ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పినాను. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. రెండు నిమిషాల ఫోన్లో తేలే సంగతి కాదిది. బెంగళూరు ఉద్యోగం వదిలేసి, కమలాపురం దిక్కున పాపాఘ్ని ఒడ్డు భూమి కౌలుకు తీసుకున్నాక నీకిది మొదటి కార్తీకం. అందుకే పొద్దున్నే కాగితం ముందేసుకుని కూర్చున్నా. ఓపిగ్గా చదువు.

ముందు శెనక్కాయ సంగతి. చేలో నాలుగు మూలలా నాలుగు చెట్లు పెరికి కాయ వలిచి చూడు. పొట్టు లోపలి వైపు నల్లబడి ఉంటే కాయ ముదిరినట్టు. నాలుగు కాయల్లో మూడు అట్లుంటే పెరకొచ్చు, కానీ పెరికింది ఎండి ఇల్లు చేరేదాకా నీకు ఎండ ఉండాలి. ఆ వ్యవధి లేదనిపిస్తే ముట్టుకోవద్దు. పెరికి పరిచిన చెట్టు మీద వాన పడితే కాయ నల్లబడుతుంది, మొలకెత్తుతుంది, కట్టె కుళ్లి పశువులకు కూడా పనికిరాదు. భూమిలో ఉన్న కాయ మాత్రం, నీళ్లు నిలవకపోతే, రెండు మూడు రోజుల ముసురు ఓర్చుకుంటుంది. కాబట్టి ఈరోజే మనుషుల్ని పెట్టి పల్లం వైపు కాలువ తీయించు. ఇప్పటికే పెరికింది ఉంటే మెరక మీద, కాయలు లోపలికి ఆకు బయటికి ఉండేట్టు గుండ్రంగా వామి వేసి పట్ట కప్పు. పట్ట అంచుల మీద రాళ్లు పెట్టడం మరిచిపోవద్దు, ఈ గాలికి రాయి లేని పట్ట నిలవదు.

ఇక వాతావరణ కబురు చదవడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నువ్వు ఫోన్లో చదివి వినిపించినదాంట్లో సగం మాటలకు నువ్వనుకున్న అర్థం లేదు.

"భారీ" అనేది వాతావరణ శాఖ వాళ్లకు లెక్క ఉన్న మాట. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ. 204.4 కూడా దాటిపోతే అత్యంత భారీ. మిల్లీమీటరు అంటే చిన్నదనుకోకు. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు. వంద మిల్లీమీటర్లంటే ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు. అవన్నీ నీ కాలువలో నుంచే పోవాలి. ఆ లెక్క మనసులో పెట్టుకొని కాలువ వెడల్పు చూసుకో.

"ఒకటి రెండు చోట్ల" అన్నా, "అనేక చోట్ల" అన్నా అవి కూడా లెక్కే. వర్షం కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు చోట్ల పడేదైతే ఒకటి రెండు చోట్ల అంటారు, సగం దాటితే అనేక చోట్ల అంటారు. నువ్వు చదివిన వాక్యం ఇది: "రాయలసీమలో అనేక చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు." ఇందులో నువ్వు మొదటి సగం విని ఊపిరి పీల్చుకున్నావు. నేనైతే రెండో సగం దగ్గర ఆగుతాను. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడ అనేదే అసలు ప్రశ్న. వాళ్ల పుస్తకంలో రాయలసీమ అంతా ఒకే ముక్క. అనంతపురం మెట్ట, రైల్వేకోడూరు కొండ కింది తోటలు ఒకే మాట కింద వస్తాయి. ఈ కాలంలో వాన తూర్పు నుంచి వస్తుంది. సముద్రపు గాలి వెలిగొండలకు, శేషాచలానికి, పాలకొండలకు కొట్టుకొని పైకి లేచి అక్కడే కుమ్మరిస్తుంది. కొండ దాటి పడమరకు పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకే జిల్లాల వారీగా వచ్చేది చూడు, హెచ్చరిక రంగు చూడు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇంక లేచి పని చూడమని. నువ్వు నారింజ రోజే ఎరుపు రోజు పనులు మొదలుపెట్టు. ఎరుపు వచ్చాక ట్రాక్టర్లు దొరకవు, కూలీలు దొరకరు.

ఇంకో చిన్న సంగతి, చాలామందికి తెలియదు. వాళ్లకు రోజంటే పొద్దున ఎనిమిదిన్నర నుంచి మరుసటి పొద్దున ఎనిమిదిన్నర దాకా. "గురువారం భారీ వర్షం" అని ఉంటే శుక్రవారం తెల్లవారుజాము కూడా అందులోనే ఉంది. ఏ కబురైనా అది ఎన్ని గంటలకు ఇచ్చిందో పైన చూడకుండా నమ్మవద్దు. నువ్వు పంపిన వాట్సాప్ మ్యాపు మీద తేదీనే లేదు. అది తీసేయ్.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. నీకు కొంత తెలుసు, అంతా తెలియదు.

2020 నవంబరులో నివర్ వచ్చింది. పేరున్న తుఫాను. టీవీలో రాత్రింబగళ్లు అదే. పుదుచ్చేరి దగ్గర తీరం దాటి మన దిక్కు బాగా కురిసింది, కానీ భయంతో అందరం ముందే సర్దుకున్నాం, మా ఇంటికి ఏమీ కాలేదు. మరుసటేడు, 2021 నవంబరులో వచ్చినదానికి పేరే లేదు. తుఫాను కూడా కాదు, ఉత్త వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తప్ప తుఫాను అనరు, పేరు పెట్టరు. ఇది అంతదాకా పోలేదు. చావిట్లో కూర్చొని "నివర్‌కే ఏం కాలేదు, ఈ వాయుగుండానికి ఏమవుతుంది" అని నలుగురితో అన్నది నేనే. ఆ మాట విని ఇంటికిపోయి పడుకున్నవాళ్లు ఉన్నారు. అది ఇప్పటికీ నన్ను వదలదు.

పేరు గాలికి పెడతారు అబ్బీ, వానకు పెట్టరు. మనం సముద్రానికి దూరం. మనల్ని ముంచేది గాలి కాదు, నీళ్లు. ఆ గురువారం చెయ్యేటి దిక్కున మా ఊళ్లో పడింది పెద్ద వానే, కానీ ప్రాణాలు తీసేంత వాన కాదు. అసలు వాన పైన పడింది. బాహుదాలో, పింఛాలో, కొండల్లో పడింది. అదంతా కలిసి చెయ్యేరుగా దిగింది. శుక్రవారం, కార్తీక పున్నమి తెల్లవారుజామున, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట పేర్లు నువ్వు పేపర్లో చూసే ఉంటావు. నందలూరు దగ్గర రైలు కట్ట కూడా కోసుకుపోయింది. మా ఆకాశం వైపు చూస్తే అప్పటికి వాన దాదాపు తెరిపి ఇచ్చింది. అదే మమ్మల్ని మోసం చేసింది.

నీళ్ల చప్పుడు విని నేను కొట్టంలోకి పరిగెత్తేసరికి మోకాళ్ల దాకా ఉన్నాయి. రెండు ఆవులు, ఒక ఎనుము, ఒక పెయ్య. పలుపు తాళ్లు తడిసి ముడి ఉబ్బిపోయి రాయిలాగా బిగుసుకుంది. వేళ్లతో లాగినా, పళ్లతో కొరికినా రాలేదు. చీకట్లో కొడవలి కోసం తడుముకుంటే అది ఎక్కడో ఇంట్లో ఉంది. నీళ్లు నడుము దాటినాయి. మీ పెద్దమ్మ మిద్దె మీద నుంచి నా పేరు పెట్టి కేకలు పెడుతోంది, పెళ్లయినాక ఆమె నోట నా పేరు వినడం అదే మొదలు. ఒక ఆవు గుంజతో సహా పెకిలించుకొని బయటపడింది. మిగిలిన మూడూ కట్టుకొయ్యల దగ్గరే పోయినాయి. పొలం మీద ఇసుక మేట నడుమెత్తు.

అప్పటి నుంచి మా కొట్టం దూలానికి ఎప్పుడూ ఒక కొడవలి దోపి ఉంటుంది. ముసురు పట్టిన రాత్రి ఏ పశువునూ ముడి వేసి కట్టను, ఒక్క లాగుతో ఊడే జారుముడి వేస్తాను. నువ్వు ఈరోజే అట్ల చెయ్. నీ జీవాల దొడ్డి ఏటి గట్టు పక్కనే ఉందని మీ అమ్మ చెప్పింది. ఈ రాత్రికే మెరకకు, బడి వైపు తోలుకుపో. గొర్రెలు వరదకే కాదు, చలివానకు కూడా పోతాయి. బొచ్చు తడిసి, గాలికి వణికి, తెల్లారేసరికి పిల్లలు బిగుసుకుపోయి ఉంటాయి. పైన కప్పు, కింద పొడినేల, కడుపు నిండా మేత, ఈ మూడూ ఉండాలి.

నీ ఏరు పాపాఘ్ని. అది నంది కొండల దిక్కు నుంచి దిగి, గాలివీడు దగ్గర వెలిగల్లు ప్రాజెక్టులో ఆగి, గండి దగ్గర కొండల మధ్య నుంచి దూరి, వేంపల్లె మీదుగా నీ దగ్గరికొచ్చి పెన్నలో కలుస్తుంది. అదే 2021 నవంబరులో ఆ ఏటి వరదకు కమలాపురం దగ్గర వంతెన కూలిపోయింది. కమలాపురంలో చినుకులు పడుతున్నాయా అని ఆకాశం చూసుకుంటూ కూర్చుంటే నీకేమీ తెలియదు. గాలివీడులో ఎంత పడింది, వెలిగల్లులో నీళ్లు ఎంతున్నాయి, గేట్లు ఎత్తుతున్నారా, ఇవి కనుక్కో. గాలివీడు దిక్కున ఒక మనిషి ఫోన్ నంబరు నీ దగ్గర ఉండాలి. లేకపోతే ఇప్పుడే సంపాదించుకో, సచివాలయంలో అడిగితే ఇస్తారు. కర్నూలును చూడు. 2009 అక్టోబరు 2న ఆ ఊరు మునిగింది తన మీద పడిన వాన ఒక్కదానికే కాదు. ఎగువ నుంచి తుంగభద్ర, పక్క నుంచి హంద్రి కలిసి ఊళ్లోకి వచ్చినాయి. ఏటి ఒడ్డున బతికేవాడికి తన ఊరి వాన కంటే ఎగువ ఊరి వాన ముఖ్యం.

మీ ఊరి చెరువు కట్ట కూడా ఒకసారి నడిచి చూడు, బయటి వైపు నుంచి. మరవ దగ్గర, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోట, కంప, చెత్త అడ్డం ఉంటే నలుగురిని పిలిచి తీయించు. కట్ట అడుగున నీరు ఊరుతుంటే దోసిట్లో పట్టి చూడు. తేటగా ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. బురదగా వస్తే కట్ట మట్టిని లోపలి నుంచి తీసుకొస్తున్నట్టు, బుంగ పడబోతున్నట్టు. అప్పుడు ఒక్క నిమిషం ఆగకుండా ఊరందరికీ చెప్పు, 1070కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్.

నువ్వు ఉండే ఇల్లు మట్టి మిద్దె. వెలుతురు కోసం పైకప్పుకు పెట్టిన గవాక్షి మీద బండ మూసి, మిద్దె మీద చౌడు మట్టి పలచబడిన చోట ఇంత చౌడు వేయించు. మూడు రోజులు నానిన గోడ వాన ఆగిన రోజు కూడా కూలుతుంది, మన దిక్కున అట్ల పోయిన ప్రాణాలు ఎన్నో. గోడ అడుగున ఉబ్బు కనబడితే, మట్టి పెళ్లలు రాలితే, మీ అమ్మను తీసుకొని బడిలోకి పో. సామాను సంగతి తర్వాత.

ఏటి పక్క మోటారు స్టార్టర్ డబ్బా ఈరోజే విప్పి ఇంట్లో పెట్టు. వాన మొదలయ్యాక దాన్ని తాకొద్దు. వంక పారుతుంటే బండి మీద దాటొద్దు, "పాలవాడు దాటినాడు కదా" అని అసలే దాటొద్దు. వాడు దాటినప్పటి నీళ్లు వేరు, నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో నీకు కనబడదు. నీ అరటి తోటలో గెల వేసిన చెట్లకు సర్వి కట్టెలు పోటు పెట్టించు, పక్వానికి వచ్చిన గెలలు ధర తక్కువైనా కోయించు.

పక్కచేలో వరి కోసి, ఇంకా కట్టలు కట్టకుండా పరిచిన ఓదెల మీద ఉందన్నావు. ఆయనకు చెప్పు, ఓదెలు తడిస్తే లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని. గింజ మొలకెత్తకుండా ఆపుతుంది. నీ పంటకు నష్టం జరిగితే అదే రోజు ఫోటోలు తీసి రైతు సేవా కేంద్రంలో చెప్పు. ఫసల్ బీమా కట్టి ఉంటే 72 గంటల్లోపు తెలియజేయాలి. నీది కౌలు కాబట్టి కౌలు కార్డు తీసి నీళ్లు తగలని కవర్లో పెట్టుకో, అది లేకుండా పోతే నీ మాట ఎవరూ వినరు.

గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి, అడుగు సమంగా ఉండేది, చెట్టు నీడ గానీ చూరు నీళ్లు గానీ పడని చోట కదలకుండా పెట్టు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు బడి స్కేలు ముంచి ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాసుకొని పారబోయి. నేను నాలుగేళ్లుగా రాస్తున్నాను. వాళ్లు చెప్పినదానికీ నీ డబ్బాలో పడినదానికీ తేడా ఒక కార్తీకంలోనే నీకు అర్థమవుతుంది.

మా దగ్గర మిగిలిన రెండు పట్టలు, కొత్త పలుపు తాళ్లు నాలుగు రేపటి మొదటి బస్సులో పంపుతున్నా, కమలాపురం స్టాండులో తీసుకో. మీ పెద్దమ్మ అలచందలు, కారంపొడి కూడా అదే సంచిలో పెట్టింది. సంచి అడుగున కొడవలి ఉంది, చూసుకొని తియ్యి. రేపు డబ్బా కొలిచినాక నాకు ఫోన్ చెయ్, గాలివీడు కబురు కూడా కనుక్కొని చెయ్.

ఇట్లు,
మీ పెద్దనాయన