"ఏ ఆసుపత్రి మంచిదమ్మా?"

చి. లావణ్యకు, మేనత్త ఆశీస్సులు.

ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్రగా చేరావని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ముప్ఫై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేను.

కార్డు పనయ్యాక జనం గొంతు తగ్గించి "ఏ ఆసుపత్రి మంచిదమ్మా?" అంటారు. పేరు చెప్పకు. "దేనికి?" అని అడుగు. గుండెకు పేరున్న చోట మోకాలు కూడా బాగా చేస్తారని రాసిపెట్టి లేదు. గేటు మీద ఎన్‌ఏబీహెచ్ బోర్డుంటే, అంటే ఆసుపత్రుల నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు ఉంటే, మంచిదే. శుభ్రత, రికార్డులు ఒక పద్ధతిలో నడుస్తున్నాయని అర్థం. కత్తి పట్టే డాక్టరు చెయ్యి ఎలాంటిదో ఆ బోర్డు చెప్పదు.

కాన్పులకొచ్చేవాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లే. ప్రైవేటులో 80 దాటాయి, సర్కారులో 44 దాకా ఉన్నాయి. అలాగని "మీ దగ్గర ఎన్ని కోతలు?" అని అడిగిస్తే సరిపోదు. ఊళ్లో చేతులెత్తేసిన కేసులన్నీ చివరి గడియలో పెద్దాసుపత్రికే వస్తాయి, అక్కడ కోతలూ చావులూ ఎక్కువే కనపడతాయి. ఆ లెక్క విని భయపడి, నెలలు నిండిన పిల్లను బీపీతో ఉండగానే చిన్న నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లిన వాళ్లను చూశాను. రాత్రికి మళ్లీ మా దగ్గరికే తెచ్చారు. కాబట్టి ఇలా అడగమను: "తొలి కాన్పు, నెలలు నిండాయి, బిడ్డ తల కిందికే ఉంది, నొప్పులు వాటంతటవే వచ్చాయి. అలాంటి నూరుమందిలో ఎందరికి కోత పడింది?" రెండు చోట్లా ఇదే ప్రశ్న. జవాబివ్వడానికి విసుక్కునే చోటు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఆపరేషనైతే "98 శాతం సక్సెస్" అన్న మాట దగ్గర ఆగనివ్వకు. మిగతా ఇద్దరికి ఏమైంది, మా నాన్నలా షుగరున్న డెబ్బై ఏళ్లవాళ్లలో ఎందరికి చీము పట్టింది, ఆ డాక్టరే చేస్తాడా, ఏడాదికి ఎన్ని చేస్తాడు అని అడగాలి. మర్యాదగానే. చదువురాని వాళ్లకు నువ్వే చీటీ రాసివ్వు, మీ సూపరింటెండెంటు గొణిగినా సరే.

రెండో డాక్టరుకు చూపించాలంటే కేసు కాగితాలు కావాలి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలోనే ఉంది, 2002 నుంచీ. ఎక్స్‌రే రిపోర్టుతో పాటు ఫిల్ము కూడా అడిగి తీసుకోమను. లేకపోతే అక్కడ మళ్లీ తీయిస్తారు, మళ్లీ డబ్బు.