ట్యాగ్ అనుకుని పక్కన పెట్టిన ఊరి పేరు

ప్రశ్న: అయ్యా, మా ప్రాంతపు పలుకుబడులను ఊరూరా తిరిగి సేకరించి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో భద్రపరుస్తున్నాం. ‘గుంటడు’ వంటి మాటను ఎక్కడ విన్నామో ఆ ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాలతో, < > గుర్తుల మధ్య రాశాం. వెతికితే మాట దొరుకుతోంది గానీ, ఫలితంలో చూపే తునకలో ఊరి పేరు ఉండటం లేదు. పలాస అని ఇంగ్లీషులో కొట్టి వెతికినా ఒక్క పద్దూ రావడం లేదు. మా సమాచారం చెడిపోయిందా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ సమాచారం చెక్కుచెదరలేదు. మామూలు సెలెక్ట్ ఆదేశంతో ఆ పద్దును తీసి చూడండి, ఊరి పేరు రాసినచోటే ఉంటుంది. చిక్కంతా పాఠాన్ని మాటలుగా విడగొట్టే పార్సర్ దగ్గర ఉంది. < గుర్తు వెంటనే ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, ఆపైన > గుర్తు కనిపిస్తే, అది ఆ మొత్తాన్ని వెబ్ పేజీలో రాసే ట్యాగ్‌గా లెక్కిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే అమరికల్లో ట్యాగ్‌లకు ఏ నిఘంటువూ (మాటను సూచికకు తగిన రూపంలోకి తెచ్చే భాగం) జతచేసి ఉండదు గనుక అవి సూచికలోకి ఎక్కవు. తునకను తయారుచేసే టీఎస్_హెడ్‌లైన్ కూడా ట్యాగ్ ఉన్నచోట ఖాళీ వదిలి ముందుకు సాగుతుంది. పార్సర్ పాఠాన్ని ఎలా విడగొట్టిందో చూపే టీఎస్_డీబగ్‌కు ఒక్క పద్దును ఇచ్చి చూడండి, పలాస పక్కన ‘ట్యాగ్’ అని రాసి ఉండటం మీ కంటనే పడుతుంది. అదే ఊరి పేరు తెలుగు లిపిలో ఉండి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

మాట విన్న ఊరు తెలియకపోతే మీ సేకరణకు సగం విలువ పోతుంది కాబట్టి, ఊరికి విడిగా ఒక కాలమ్ పెట్టుకోవడమే నా దృష్టిలో సరైన మార్గం. అంత పని ఇప్పుడు కుదరదంటే, రీప్లేస్‌తో < > గుర్తులను చదరపు బ్రాకెట్లుగా మార్చిన పాఠాన్నే, సూచికకు మాటలను సిద్ధంచేసే టూ_టీఎస్‌వెక్టర్‌కూ, టీఎస్_హెడ్‌లైన్‌కూ ఇవ్వండి. ఒకదానికి ఇచ్చి రెండోదాన్ని మరిచిపోతే, పలాస వెతుకులాటలో దొరికినా తునకలో కనిపించదు. పాత పద్దులకు సూచికను తిరిగి కట్టడం కూడా మరవకండి.

ఇంకొక్క సంగతి. టీఎస్_హెడ్‌లైన్ ట్యాగ్‌లను తీసేస్తోంది కదా అని దాని ఫలితాన్ని నేరుగా వెబ్ పేజీలో పెట్టకండి. అది కొన్ని తేలికపాటి ట్యాగ్‌లనే తొలగిస్తుందని, హానికరమైన స్క్రిప్టుల నుంచి రక్షణగా దాన్ని నమ్ముకోవద్దని పోస్ట్‌గ్రెస్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి. పైగా దొరికిన మాటను ప్రస్ఫుటంగా చూపడానికి అది తానే బోల్డ్ ట్యాగ్ చేరుస్తుంది. ఫలితం వచ్చాక మొత్తాన్ని ఎస్కేప్ చేస్తే, అంటే ట్యాగ్ గుర్తులు మామూలు అక్షరాలుగానే కనిపించేలా మారిస్తే, ఆ ట్యాగ్ కూడా పేజీలో అక్షరాలుగా తేలుతుంది. అందువల్ల మూల పాఠాన్ని ముందుగా ఎస్కేప్ చేసి, ఆ తరువాతే టీఎస్_హెడ్‌లైన్‌కు అందించండి.