పైపులో ఎన్ని వైర్లు?

ప్రశ్న: ఇటుక గోడలో 25 ఎంఎం పీవీసీ పైపు ఉంది. అందులో 2.5 స్క్వేర్ ఎంఎం వైర్లు ఆరు, 4 స్క్వేర్ ఎంఎం వైర్లు మూడు, అంటే మొత్తం మూడు సర్క్యూట్లు (ఒక్కోదానికి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ వైర్లు). ఇంకో 2.5 సర్క్యూట్ లాగవచ్చా?

జవాబు: 25 అనేది పైపు బయటి కొలత. లోపల సుమారు 21 ఎంఎం ఉంటుంది, పైపు మందాన్ని బట్టి మారుతుంది. 2.5 అనేది రాగి వైశాల్యం మాత్రమే, చోటు తినేది తొడుగుతో సహా ఉన్న వైరు. అందుకే వెర్నియర్‌తో కొలవండి. 2.5 వైరు మందం 3.6, 4 వైరుది 4.3 ఎంఎం వచ్చిందనుకుందాం.

మూడు లేదా అంతకంటే ఎక్కువ వైర్లుంటే పైపు లోపలి వైశాల్యంలో 40 శాతం దాటకూడదు. వైశాల్యం సూత్రంలోని 'పై' (π) రెండు వైపులా ఉంటుంది కాబట్టి కొట్టేయండి, వ్యాసాల వర్గాలు చాలు. 21×21=441, అందులో 40 శాతం 176. ఇప్పుడున్నవి: 6×12.96=77.8, 3×18.5=55.5, కలిపి 133. కొత్త మూడింటికి 39. మొత్తం 172. పడతాయి, బొటాబొటిగా.

అయినా లాగకండి. గోడలోని పైపులో ఒక్క సర్క్యూటే ఉంటే, 30 డిగ్రీల దగ్గర 2.5 పీవీసీ రాగి వైరు 24 ఆంపియర్లు మోస్తుంది. మూడు సర్క్యూట్లు కలిస్తే ఆ అంకెను 0.70తో గుణించాలి: 16.8. నాలుగైతే 0.65తో: 15.6. దాని మీద 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) ఉంటే, వైరు పరిమితి దాటాక కూడా అది ట్రిప్ అవదు. తొడుగు లోలోపలే ఎండిపోతుంది. పరిసరం 40 డిగ్రీలైతే ఇంకో 0.87 పెట్టాలి, అప్పుడు మీ పాత మూడు సర్క్యూట్లకే 14.6 వస్తుంది. అందుకని కొత్తదానికి వేరే పైపు వేయండి, ఉన్నవాటి ఎంసీబీలు కూడా ఓసారి చూసుకోండి. ఎర్త్ వైరు చోటు లెక్కలోకి వస్తుంది, వేడి లెక్కలోకి రాదు. న్యూట్రల్ రెండింట్లోనూ వస్తుంది.

ప్రశ్న: లోపల 16.5 ఎంఎం ఉన్న పైపులో 5.5 ఎంఎం మందం వైర్లు మూడే వేశాం. 33 శాతమే నిండింది. అయినా బెండు దగ్గర బిగుసుకుపోయాయి. ఎందుకు?

జవాబు: 16.5ను 5.5తో భాగిస్తే 3. చిక్కంతా అక్కడే. బెండులో మూడు వైర్లూ పక్కపక్కన వరుసగా చేరి పైపు లోపలి గోడల మధ్య చీలలా బిగుసుకుంటాయి. ఈ నిష్పత్తి 2.8కీ 3.2కీ మధ్య ఉంటే పైపు సైజు పెంచడమే దారి. సబ్బునీళ్లు పోసి గట్టిగా లాగితే తొడుగు చీరుకుపోతుంది, అదీ కంటికి కనపడని చోట. ఒక జంక్షన్ పెట్టెకూ ఇంకో పెట్టెకూ మధ్య నాలుగు 90 డిగ్రీల బెండ్లు మించకుండా చూడండి.